మందు తింటా ఉంటేనే చెయ్యి బలం పోతా ఉంది. కుష్టు మందు ఆపాలా?

బంగారుపాళెం_సూర్య
మా సబ్‌సెంటరు పరిధిలో 38 ఏండ్ల మనిషి. ఎంబీ కుష్టు కేసు (క్రిములు ఎక్కువగా ఉండే రకం), నెలకొకటి ఇచ్చే ఎర్ర మందు ప్యాకెట్లు అయిదు పూర్తయినాయి, ఒక్క డోసు కూడా తప్పలేదు. పది దినాలుగా ఎడమ మోచేయి లోపలి పక్క నొప్పి. చిటికెన వేలు పక్కకు చాచలేకపోతా ఉండాడు. ముందు చదునుగా ఉన్న మచ్చలు ఎర్రబడి ఉబ్బినాయి. ఇంట్లోవాళ్ళేమో "మందు పడలేదు, ఆపేసి పసరు వైద్యానికి పోతాం" అంటా ఉండారు. వాళ్ళకు ఏం చెప్పాల?
ఇంకోటి. ఇంటింటి సర్వేకి పోతే "2005లోనే ఈ జబ్బు లేకుండా పోయిందని చెప్పినారు కదా, మళ్ళా ఒళ్ళు చూపించమంటారేంది" అని తలుపులేస్తా ఉండారు. దీనికి సూటిగా జవాబు కావాల.

చర్మం_డాక్టరమ్మ
మందు ఆపొద్దు. ఆ మనిషిని ఈ రోజే పంపించండి, వచ్చే ప్యాకెట్ తేదీ దాకా ఆగొద్దు. మీరు రాసినదంతా టైప్ 1 రియాక్షన్ లాగే ఉంది, అంటే క్రిముల మీద శరీరమే తిరగబడి వాపు తెచ్చుకోవడం. పాత మచ్చలు ఉబ్బడం, నరం నొప్పి, కొత్తగా కండర బలం తగ్గడం, ఈ మూడూ కలిసి వస్తే ముందు అదే అనుకోవాలి. నరం దెబ్బతిని ఆరు నెలలు దాటకముందు స్టెరాయిడ్ మొదలుపెడితే బలం తిరిగి వచ్చే అవకాశం బాగా ఉంటుంది. ఇతనికి పది రోజులే కాబట్టి ఇంకా చేతిలో పనే.

కాణిపాకం_రవి
నేను వైద్యం తెలిసినవాణ్ణి కాదు, చదివి అడుగుతున్నా. మందు క్రిములను చంపుతుంటే నరం బాగుపడాలి కదా, చెడిపోవడమేంటి? ఇంట్లోవాళ్ళ అనుమానంలో తప్పేముంది?

చర్మం_డాక్టరమ్మ
@రవి మంచి ప్రశ్న. అనుమానం సహజమే, కారణం మాత్రం వేరు. ఈ బ్యాక్టీరియా చల్లటి చోట్లు వెతుక్కుంటుంది. అందుకే చర్మం, ముక్కు లోపల, చర్మానికి దగ్గరగా పోయే నరాలు. నరం తొడుగు కణాల్లోనే కాపురం ఉంటుంది. రెండుగా విడిపోవడానికి దానికి దాదాపు రెండు వారాలు పడుతుంది కాబట్టి శరీరానికి ఏళ్ళ తరబడి తెలియనే తెలియదు. మందుతో క్రిములు చచ్చినా వాటి ముక్కలు నరం లోపలే ఉంటాయి. రోగనిరోధక శక్తి ఒక్కసారిగా వాటి మీద పడుతుంది. వాపు వస్తుంది. మోచేయి వెనక ఎముకకు ఆనుకుని ఉన్న ఇరుకు కాలువలో, చిటికెన వేలి వైపు పోయే అల్నార్ నరానికి ఉబ్బడానికి జాగా లేదు. నరం తనను తానే నొక్కుకుని దెబ్బతింటుంది.
మందు ఆపితే వాపు తగ్గదు. పైగా బతికున్న క్రిములకు సందు దొరుకుతుంది.

ఫిజియో_పలమనేరు
సూర్య గారూ, పంపేముందు అయిదు నిమిషాలు కేటాయించి రెండు చేతులూ చూసి కాగితం మీద రాసి పంపండి. అక్కడ డాక్టరుకు "ముందెట్లా ఉంది, ఇప్పుడెట్లా ఉంది" అనేదే ముఖ్యం.
చిటికెన వేలు: చెయ్యి వెల్లకిలా పెట్టించి, మిగతా వేళ్ళను మీరు పట్టుకుని, చిటికెన వేలును బయటికి చాచమనండి. చాచినాక దాని మొదలు దగ్గర మీ చూపుడు వేలుతో లోపలికి నెట్టండి. నిలబెట్టుకుంటే ఎస్ (బలంగా ఉంది). చాస్తాడు గానీ నెడితే నిలవకపోతే డబ్ల్యూ (బలం తగ్గింది). అస్సలు కదలకపోతే పి (చచ్చుబడింది).
బొటన వేలు: అరచేతికి నిలువుగా, పైకప్పు వైపు లేపించి అదే పద్ధతి.
మణికట్టు పైకి, పాదం పైకి కూడా చూడండి.
కన్ను: నిద్రపోయేటట్టు మెల్లగా మూయమనండి. సందు ఉంటే ఎన్ని మిల్లీమీటర్లో రాయండి. గట్టిగా మూయమంటే చాలామంది మూసేస్తారు, అప్పుడు లోపం దాగిపోతుంది.
నరాన్ని తాకేటప్పుడు మోచేయి వంచి, వేలి మెత్తటి భాగంతో తడమాలి. గోరు తగలకూడదు. చూపు అతని ముఖం మీద ఉండాలి. నొప్పి నోటితో చెప్పకముందే కనుబొమ్మల్లో తెలుస్తుంది.

శ్రీకాళహస్తి_ఆశక్క
ఫిజియో గారు రాసినది ఫోటో తీసి పెట్టుకున్నా. మాకు ట్రైనింగులో మచ్చ మీద పెన్నుతో చూడటం వరకే చెప్పినారు.

పాత_డీపీఎంఓ
అసలు రోగం అక్కడే ఉండాది ఆశక్కా. ఎంబీకి పన్నెండు ప్యాకెట్లు పద్దెనిమిది నెలల్లోపల, పీబీకి (క్రిములు తక్కువగా ఉండే రకం) ఆరు ప్యాకెట్లు తొమ్మిది నెలల్లోపల. ఈ లెక్క అందరికీ కంఠస్థం. ప్యాకెట్ అందింది, రిజిస్టర్లో టిక్కు పడింది, పని అయిపోయింది. చాలాచోట్ల ప్యాకెట్ ఇంట్లో ఎవరో వచ్చి తీసుకుపోతారు, మనిషి ముఖం కూడా ఎవరూ చూడరు. నెలకొకసారి మింగాల్సిన రిఫాంపిసిన్ డోసు మన ఎదురుగా మింగించమని పెట్టింది మాత్రలు లెక్కపెట్టుకోవడానికి మాత్రమే కాదు. ఆ రోజు ఆ మనిషి చెయ్యి, కాలు, కన్ను మన చేతికి చిక్కుతాయి. సూర్య కేసులో మొదటి ప్యాకెట్ రోజు నరాల కార్డు నింపినారా?

బంగారుపాళెం_సూర్య
కార్డు ఉండాది. మచ్చల బొమ్మ గీసినారు. కండరాల గళ్ళన్నీ ఖాళీ.

పాత_డీపీఎంఓ
అదే నేను చెప్పేది.

చర్మం_డాక్టరమ్మ
స్టెరాయిడ్ గురించి అందరికీ ఉపయోగపడుతుందని రాస్తున్నా. ఇంట్లో సొంతంగా మొదలుపెట్టడానికి కాదు. పెద్దవాళ్ళకు మామూలుగా ప్రెడ్నిసొలోన్ 40 మిల్లీగ్రాములు ఉదయం తిన్నాక, ఒకే పూట. రెండు వారాలకొకసారి 30, 20, 15, 10, 5 అని దించుకుంటూ పన్నెండు వారాలు. ఎంబీలో నరం దెబ్బ ఉంటే చాలామందికి ఇరవై వారాల దాకా సాగదీస్తాం. మొదలుపెట్టేముందు షుగరు, బీపీ, రెండు వారాలకు మించిన దగ్గు, కాలిపుండు, కంటి ఎరుపు, గర్భం చూసుకోవాలి. నులిపురుగుల మందు ఇచ్చేస్తాం. కుష్టు మందు పక్కన యథాతథంగా నడుస్తూనే ఉంటుంది.
రెండు వారాలకొకసారి ఫిజియో గారు చెప్పిన పరీక్ష మళ్ళీ చేసి రాయాలి. బలం పెరగకుండా డోసు దించుకుంటూ పోతే ఉపయోగం లేదు.

మందులషాపు_రేణిగుంట
దీనికి తోడు మా వైపు నుంచి ఒక మాట. స్టెరాయిడ్ మూడు రోజులు వేసుకోగానే నొప్పి పోతుంది. అక్కడ ఆపేస్తారు. వారానికి రెట్టింపు వాపుతో తిరిగొస్తారు. ఇంకొందరు పాత చీటీ పట్టుకొచ్చి నెలల తరబడి అదే డోసు కొనుక్కుపోతారు, షుగరు మూడు వందలు దాటేదాకా తెలియదు. రెండూ ప్రమాదమే. నేనైతే తేదీ లేని చీటీకి ఇవ్వను.
కుష్టు మందు మాత్రం ఏ షాపులోనూ కొనాల్సిన పని లేదు. సర్కారు ఆసుపత్రిలో పూర్తిగా ఉచితం.

కాణిపాకం_రవి
మందు తిన్నవాళ్ళు నల్లబడిపోతారంటారు, అది కూడా రియాక్షనేనా?

మందులషాపు_రేణిగుంట
కాదు, ప్యాకెట్లో ఉండే మూడు మందుల్లో (రిఫాంపిసిన్, క్లోఫజిమిన్, డాప్సోన్) క్లోఫజిమిన్ రంగు అది. మచ్చలున్న చోట ఎక్కువగా కనిపిస్తుంది, చర్మం పొడిబారుతుంది. కోర్సు అయిపోయినాక ఆరు నెలలు, ఏడాదిలో క్రమంగా పోతుంది. రిఫాంపిసిన్ మింగిన రోజు మూత్రం ఎర్రగా వస్తుంది, ముందే చెప్పకపోతే రక్తమనుకుని హడలిపోతారు. నిజంగా భయపడాల్సింది డాప్సోన్ విషయంలో. మొదటి రెండు నెలల్లో జ్వరం, ఒళ్ళంతా దద్దుర్లు, కళ్ళు పచ్చబడటం వస్తే డాప్సోన్ ఆ క్షణమే ఆపి ఆసుపత్రికి పరుగెత్తాలి. మాత్ర ఆపాల్సిన సందర్భాల్లో అదొకటి. సూర్య గారి కేసు అది కాదు.

గూడూరు_లెక్కలమాస్టారు
సూర్య రెండో ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు. 2005లో పోయిందన్నారా లేదా?

పాత_డీపీఎంఓ
మాస్టారూ, లెక్క మీకే బాగా అర్థమవుతుంది. 2005 డిసెంబరులో దేశం అందుకున్న గీత ఇది: పదివేల జనాభాకు, ఆ రోజు మందు తింటా ఉన్న రోగులు ఒకరికంటే తక్కువ. సున్నా అని ఎవరూ చెప్పలేదు. దేశం మొత్తం సగటు ఆ గీత కిందికి వచ్చినా కొన్ని జిల్లాలు, బ్లాకులు పైనే ఉండిపోయినాయి.
ఇంకో సంగతి చూడండి. ఒకప్పుడు ఎంబీకి రెండేళ్ళు మందు. దాన్ని పన్నెండు నెలలకు కుదించినారు. రోగి రిజిస్టర్లో ఉండే కాలం సగమైంది. కొత్తగా వచ్చేవాళ్ళు అంతేమంది ఉన్నా, ఏదో ఒక రోజు లెక్కపెడితే రిజిస్టర్లో తలకాయలు సగమే కనిపిస్తాయి. కాబట్టి చూడాల్సింది ఆ అంకె కాదు. ఏడాదికి కొత్త కేసులు ఎన్ని, వాటిలో పిల్లలు ఎంతమంది, కనిపెట్టేసరికే వైకల్యం వచ్చినవాళ్ళు ఎంతమంది. పిల్లల్లో వస్తా ఉందంటే ఊర్లో ఇప్పుడు కూడా అంటుకుంటా ఉన్నట్టు. వైకల్యంతో వస్తా ఉన్నారంటే మనం ఆలస్యంగా పట్టుకుంటా ఉన్నట్టు. దేశంలో ఇప్పటికీ ఏటా లక్షకు పైగా కొత్త కేసులు. ప్రపంచం మొత్తంలో సగానికి మించి మనవే.

గూడూరు_లెక్కలమాస్టారు
అంటే వచ్చే ప్రవాహం తగ్గకపోయినా, నిల్వ కాలం తగ్గితే చాలు, అంకె తగ్గిపోతుంది. ఇది తొమ్మిదో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది. తలుపు దగ్గర ఇంత చెప్పే టైముండదు గానీ.

పాత_డీపీఎంఓ
తలుపు దగ్గర ఒక్క వాక్యం చాలు: "ఈ క్రిమి ఒంట్లో చేరినాక బయటపడటానికి సగటున అయిదేళ్ళు, ఒక్కోసారి ఇరవై ఏళ్ళు పడుతుంది, అందుకే ఇంకా చూస్తా ఉన్నాం." ఈ మాటకు ఎక్కువమంది లోపలికి రానిస్తారు. ఆడవాళ్ళను ఆశక్కే లోపల గదిలో చూడాల, మగవాళ్ళను మగ మనిషి వెలుతురులో చూడాల. వీపు, పిర్రలు, తొడలు చూడకుండా వచ్చేస్తే ఆ ఇల్లు చూసినట్టు కాదు.

శ్రీకాళహస్తి_ఆశక్క
మచ్చ దొరికినాక తికమకే. అన్నీ తెల్లమచ్చలే కదా. బొల్లి, శోభి, పిల్లల ముఖం మీద వచ్చే పాలిపోయిన మచ్చలు.

చర్మం_డాక్టరమ్మ
బొల్లి సున్నం తెలుపు, కుష్టు మచ్చ ఎప్పుడూ అంత తెల్లగా ఉండదు, చర్మం రంగు తగ్గినట్టో రాగిరంగుగానో ఉంటుంది. దురద ఉంటే తామరో శోభో అయ్యే అవకాశం ఎక్కువ, కుష్టు మచ్చ దురద పెట్టదు. అక్కడ చెమట పట్టదు, వెంట్రుకలు పలచబడతాయి. ముఖం మీది మచ్చలో స్పర్శ పరీక్ష నమ్మకంగా రాదు, ముఖానికి నరాలు దట్టంగా ఉంటాయి.
పరీక్షలో అందరూ చేసే పొరపాటు, తాకుతూ "తెలుస్తోందా?" అని అడగడం. అడిగితే అందరూ తెలుస్తోందనే అంటారు. మొదట కళ్ళు తెరిపించి మంచి చర్మం మీద చూపించండి. తర్వాత కళ్ళు మూయించి, మాట్లాడకుండా పెన్ను మొన తేలిగ్గా ఆనించి తీసేయండి. తాకిన చోట వేలు పెట్టి చూపించమనండి. రుద్దకూడదు, గీయకూడదు. మధ్యలో కొన్నిసార్లు తాకకుండా ఊరికే ఆగండి, అప్పుడు కూడా చూపిస్తే ఊహించి చెప్తున్నట్టు.

ఫిజియో_పలమనేరు
డాక్టరమ్మ చెప్పినదానికి ఒక అభ్యంతరం. స్పర్శ ఉంది కాబట్టి కుష్టు కాదు అని ఆశాలు కొట్టేసే ప్రమాదం ఉంది. మచ్చే లేనివాళ్ళు కూడా ఉంటారు.

చర్మం_డాక్టరమ్మ
ఒప్పుకుంటున్నా, అది రాయాల్సిందే. క్రిములు ఎక్కువగా ఉండే లెప్రోమాటస్ రకంలో మొద్దుబారిన మచ్చ ఉండకపోవచ్చు. చర్మం నూనె రాసినట్టు మెరుస్తుంది, చెవి తమ్మెలు దళసరెక్కుతాయి, కనుబొమ్మల చివరలు రాలిపోతాయి, ముక్కు దిబ్బడగా ఉంటుంది, పాదాలు వాస్తాయి. ఊర్లో "ఒంటికి నిగారింపు వచ్చింది" అని మెచ్చుకుంటారు కూడా. ఎక్కువగా అంటించేది వీళ్ళే. చెవి తమ్మె నుంచి చర్మం కొద్దిగా గీసి స్మియర్ (గాజుపలక మీద పూసి క్రిములను చూసే పరీక్ష) తీస్తే బయటపడుతుంది.

కాణిపాకం_రవి
అంటించేది అంటున్నారు కాబట్టి అడుగుతున్నా. అలాంటివాళ్ళను మందు అయ్యేదాకా వేరే గదిలో ఉంచితే నష్టమేంటి? ఇంట్లో పిల్లలున్నారు కదా.

పాత_డీపీఎంఓ
నష్టం చాలా ఉండాది రవీ. వేరే పళ్ళెం, వేరే మంచం అన్న మరుక్షణం ఆ మనిషి మందుకు రావడం మానేస్తాడు, మచ్చ దాచిపెడతాడు. దాచిన ప్రతి నెలా అంటించే నెలే. లాభం మాత్రం సున్నా. మొదటి రిఫాంపిసిన్ డోసుతోనే కొద్దిరోజుల్లో అంటించే గుణం దాదాపు పోతుంది. అప్పటిదాకా పిల్లలు ఏళ్ళ తరబడి పక్కనే పడుకున్నారు, ఈ రోజు గది మారిస్తే గడిచింది వెనక్కి రాదు. మనుషుల్లో నూటికి తొంభై అయిదు మందికి సహజంగానే తట్టుకునే శక్తి ఉంటుంది. పిల్లలకు చేయాల్సింది ఒళ్ళు పరీక్ష, జబ్బు రాకుండా ముందు జాగ్రత్తగా ఒక డోసు రిఫాంపిసిన్.

కాణిపాకం_రవి
సరే, ఇది నాకు తెలియదు. గది మాట వెనక్కి తీసుకుంటున్నా.

బంగారుపాళెం_సూర్య
నిన్న తీసుకుపోయినాం. అల్నార్ నరం దళసరెక్కి నొప్పిగా ఉందని, చిటికెన వేలు డబ్ల్యూ అని రాసినారు. అరచేతిలో చిటికెన వేలి పక్క రెండు చోట్ల స్పర్శ లేదు. ప్రెడ్నిసొలోన్ 40 మొదలైంది. మోచేయికి పట్టీ వేసినారు. వాళ్ళమ్మ మోచేయికి ఆముదం వేడిచేసి మర్దన చేస్తా ఉందంట, దాన్ని ఆపించినా. ఆపింది సరైందేనా?

ఫిజియో_పలమనేరు
నూటికి నూరుపాళ్ళు. వాచిన నరాన్ని రుద్దితే ఇంకా దెబ్బ. నొప్పి తగ్గేదాకా మోచేయి సగం వంచి విశ్రాంతి, పాలబిందెలు మోయకూడదు, మోచేయి ఆనించి కూర్చోకూడదు. వాళ్ళమ్మ చేతికి పని కావాలంటే వేళ్ళకు నూనె రాసి మెల్లగా చాచించమనండి, పూటకు పదిసార్లు. అది మేలు చేస్తుంది, ఆమెకూ తృప్తి.
ఇంకోటి, ఆయన ఏం పని చేస్తారు? మన వైపు బెల్లం పెనం దగ్గర పనిచేసేవాళ్ళకు ఇదే పెద్ద గండం. స్పర్శ పోయిన పక్కే గరిటె పిడికి తగులుతుంది, బొబ్బ లేచి చీము పట్టేదాకా తెలియదు. గరిటె పిడికి మందంగా గుడ్డ చుట్టాలి. వేడి గ్లాసు మంచి చేత్తోనే పట్టుకోవాలి.

చెప్పుల_మల్లయ్య
చేతుల గురించి చెప్తా ఉండారు, కాళ్ళ గురించి నేను చెప్తా. స్పర్శ పోయిన పాదానికి ఎంసీఆర్ చెప్పులు. లోపలి అట్ట మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు, గట్టిదనం కొలిచే షోర్ లెక్కలో పదిహేను ఉండాల, బొటనవేలితో నొక్కితే దిగి మళ్ళా లేవాల. కింద అట్ట గట్టిది, ముల్లు దిగకూడదు. మేకు ఒక్కటి కూడా కొట్టకూడదు, గమ్ము, కుట్టు మాత్రమే. వేళ్ళ మధ్య దూరే పట్టీ వద్దు. మడమ వెనక పట్టీ తప్పనిసరి, లేకపోతే చెప్పు జారిపోయినా ఆ మనిషికి తెలియదు. బకిల్ కన్నా అతుక్కునే పట్టీ మేలు, వేళ్ళు వంకరపోయినవాళ్ళు బకిల్ పెట్టుకోలేరు.
కొత్త చెప్పులు మొదటి దినం గంట వేసి విప్పి పాదం చూసుకోవాల. ఎర్రగా ఉంటే అక్కడ ఒత్తుతా ఉండాది, తీసుకురండి.

శ్రీకాళహస్తి_ఆశక్క
చెప్పుల మాట వచ్చింది కాబట్టి. మా దగ్గర ఒకామె మందు పూర్తయింది, రెండు అరికాళ్ళలో స్పర్శ లేదు. అలిపిరి నుంచి ఒట్టికాళ్ళతో ఎక్కుతానని మొక్కుకుని ఉండాది. చెప్తే వినడంలేదు.

ఫిజియో_పలమనేరు
అలిపిరి దారిలో మూడున్నర వేల మెట్లకు పైనే. మనకు పాదం నొప్పెడితే అడుగు మార్చి వేస్తాం, ఆమెకు ఆ హెచ్చరిక రాదు, ఒకే చోట బరువు పడుతూనే ఉంటుంది. మధ్యాహ్నం కాలిన బండ మీద నడిస్తే బొబ్బలు లేస్తాయి. అరికాలి పుండు ఒకసారి పడితే మానడానికి వారాలు కాలు కింద పెట్టకుండా ఉండాలి. బస్సులో వెళ్ళమనండి. గుడి దగ్గర చెప్పులు విడిచే చోట తెల్లవారుజామున గానీ పొద్దుగూకినాక గానీ నేల చల్లగా ఉన్నప్పుడు మందపాటి నూలు మేజోళ్ళతో నడవమనండి.

చెప్పుల_మల్లయ్య
మొక్కు తీరాల్సిందే అంటే చెప్పులేసుకుని నిదానంగా ఎక్కమనండి, పైన మేజోళ్ళు.

ఫిజియో_పలమనేరు
మల్లయ్యన్నా, నేను ఒప్పుకోను. మంచి చెప్పులున్నా అన్ని మెట్లు స్పర్శ లేని పాదానికి ఎక్కువే. పాత పుండు మచ్చ ఉందంటే అసలు వద్దు. ఇంట్లో రోజూ చేసేదే ఆమెకు ముఖ్యం: మామూలు నీళ్ళలో ఇరవై నిమిషాలు పాదాలు నానబెట్టి, గట్టిపడిన చర్మాన్ని గరుకు రాయితో రుద్ది, తడి ఆరకముందే కొబ్బరినూనె రాయడం. వేడినీళ్ళు వద్దు, ఎంత వేడో ఆ పాదానికి తెలియదు.

గూడూరు_లెక్కలమాస్టారు
వేళ్ళు ఇప్పటికే వంకరపోయినవాళ్ళకు ఇంక దారి లేదా?

చర్మం_డాక్టరమ్మ
ఉంది. వేళ్ళు చచ్చుబడి ఆరు నెలలు, ఏడాది దాటి, రియాక్షన్ లేకుండా ఆరు నెలలు గడిచి, కీళ్ళు బిగుసుకోకుండా ఉంటే శస్త్రచికిత్స చేస్తారు. పనిచేస్తున్న కండరం స్నాయువును తెచ్చి వేళ్ళకు కలుపుతారు. 1948లో వేలూరు సీఎంసీలో డాక్టర్ పాల్ బ్రాండ్ ఈ దారి మొదలుపెట్టారు, చిత్తూరు నుంచి గంట ప్రయాణం. పక్కనే కరిగిరి ఆసుపత్రి 1955 నుంచి ఇదే పనిలో ఉంది. కీళ్ళు బిగుసుకుపోతే ఆపరేషన్ కుదరదు, అందుకే వేళ్ళ వ్యాయామం ఆపకూడదు.

పాత_డీపీఎంఓ
కాగితాల పని కూడా చెప్పండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో కుష్టు నుంచి కోలుకున్నవాళ్ళు ఒక వర్గం, సర్టిఫికెట్ తీసుకోవచ్చు. 2019 నుంచి కుష్టు కారణంగా విడాకులు అడగడానికి చట్టంలో వీలు లేదు. ఇది తెలియక భయపడి మచ్చ దాచే ఆడవాళ్ళు ఇప్పటికీ ఉండారు.
మందు ముగిసినాక కూడా పీబీని రెండేళ్ళు, ఎంబీని అయిదేళ్ళు కనిపెట్టి ఉండాల. రియాక్షన్ ఆ తర్వాత కూడా వస్తుంది. అప్పుడు కావాల్సింది స్టెరాయిడ్, కుష్టు మందు మళ్ళా మొదటినుంచి కాదు.

బంగారుపాళెం_సూర్య
ఇంట్లోవాళ్ళకు ఇప్పుడు నమ్మకం కుదిరింది, ఆరో ప్యాకెట్ నా ఎదురుగానే మింగినాడు. కుటుంబానికి ఒక డోసు రిఫాంపిసిన్ ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు. భార్యకు అయిదో నెల. పెద్దపిల్ల పదకొండేళ్ళు. చిన్నోడికి ఏడాదిన్నర. తల్లికి మూడు వారాలుగా దగ్గు. పక్కింటి తమ్ముడికి ముప్పై ఏళ్ళు, ఏ జబ్బూ లేదు. ఎవరికి ఎంత?

చర్మం_డాక్టరమ్మ
ముందు అందరి ఒళ్ళూ చూడండి. ఎవరికైనా మచ్చ ఉంటే వాళ్ళకు ఒక్క డోసు కాదు, పూర్తి చికిత్స. 2025 ఏప్రిల్ నుంచి పీబీకి కూడా మూడు మందులే ఇస్తున్నారు, ఆరు నెలలు.
మచ్చ లేకపోతే తమ్ముడికి 600 మిల్లీగ్రాములు, పెద్దపిల్లకు 450. భార్యకు కాన్పు అయినాక. చిన్నోడికి రెండేళ్ళు నిండినాక, బరువు చూసి. తల్లికి ఇప్పుడు వద్దు. ముందు కళ్ళె పరీక్ష, క్షయ లేదని తేలినాకే, ఎందుకంటే క్షయ ఉన్న మనిషికి ఒంటరి రిఫాంపిసిన్ డోసు ఇస్తే ఆ మందుకు లొంగని క్షయకు దారి వేసినట్టవుతుంది. రెండేళ్ళలోపు రిఫాంపిసిన్ వాడినవాళ్ళుంటే వాళ్ళకూ వద్దు, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళకూ వద్దు.
తమ్ముడి ఇంటికి వెళ్ళేముందు అన్న ఒప్పుకున్నాడో లేదో అడగండి. ఒప్పుకోకపోతే ఆయన పేరు ఎత్తకుండా, వీధి మొత్తానికి చర్మ పరీక్షలని చెప్పి అన్ని ఇళ్ళూ తిరగండి.

బంగారుపాళెం_సూర్య
ఒప్పుకున్నాడు, తానే వస్తానన్నాడు. తల్లి కళ్ళె డబ్బా రేపు పొద్దున తీసుకుంటా. స్టెరాయిడ్ రెండు వారాలు అయినాక చిటికెన వేలు లెక్క ఇక్కడే రాస్తా.